తగినంత మంది మాత్రమే ఎక్కవలెను

నూకరాజుకు పాములంటే భయం లేదు. కరెంటంటే భయం లేదు. మేనమామ గోవిందు గారంటే కూడా, ఆయన ఎదురుగా లేనప్పుడు, ఏమాత్రం భయం లేదు. అంకెలంటే మాత్రం చచ్చేంత హడలు. ఏడో ఎక్కం దగ్గర రాజుకున్న పగ పదో తరగతి దాకా పెరిగి పెద్దదై, అక్కడే స్థిరనివాసం ఏర్పరచుకుంది. తెలుగు, సైన్సు, సోషలు ఎలాగో ఈదేసేవాడు గానీ, లెక్కల పేపరు చేతికి రాగానే అరచేతులు చెమర్చేవి, చెవుల్లో గుయ్యిమనేది, కాగితం మీది అంకెలు చీమల్లా బారులు తీరి ఎటో వెళ్లిపోయేవి. పోయేవాళ్లని ఆపడం మర్యాద కాదని ఖాళీ కాగితం ఇచ్చి వచ్చేసేవాడు.

ఇలాంటివాడికి కాకినాడలో ఎవడిస్తాడు ఉద్యోగం? పోనీ ఊరుకుందామా అంటే ఊరుకునే పరిస్థితి కాదు. జగన్నాథపురంలో ఎండుచేపల వ్యాపారం చేసే గోవిందు గారికి వరహాలు అనే కూతురుంది. బట్టల కొట్టులో బిల్లులు వేస్తుంది. గుడ్డ కత్తిరించేలోపు నోటితో లెక్క కట్టి చెప్పేస్తుంది. బావంటే ఆ పిల్లకిష్టం, ఆ పిల్లంటే బావకి ప్రాణం. మధ్యలో గోవిందు గారు మాత్రం అడ్డుగోడలా నిలబడ్డారు.

"పర్మినెంటు ఆర్డరు ఓ చేత్తో పట్టుకునిరా, పిల్లని ఇంకో చేత్తో పట్టుకుని ఎల్లు. అది లేకుండా నా గుమ్మం తొక్కావో, ఎండుచేపల పక్కన నిన్నూ ఆరేసేత్తాను," అన్నారాయన.

సరిగ్గా ఆ రోజుల్లోనే పేపర్లో ప్రకటన పడింది. "లెక్కలంటే గిట్టదా? సిగ్గుపడకండి! సాంకేతిక రంగం మీకోసం ఎదురుచూస్తోంది!" వేసినవారు సమగ్ర లిఫ్టుల సంరక్షణ సంస్థ. పట్నంలో ఏ మేడలో లిఫ్టు మొరాయించినా వీళ్ల మనుషులే వెళ్లి బాగుచేస్తారు. ఆ సంస్థకు మేనేజింగ్ డైరెక్టరుగా పరాంకుశం గారు కొత్తగా వచ్చారు. వచ్చేముందు ఆయన ఎక్కడో చల్లటి కొండ మీద జరిగిన సదస్సుకు వెళ్లారు. యువత వెనకబడిపోవడానికి కారణం అంకెలేనని అక్కడెవరో చెప్పారట. భోజనాలు బాగుండటం వల్ల ఆ మాట పరాంకుశం గారికి బాగా వంటబట్టింది. కిందికి దిగుతూనే 'అంకభయ పీడిత యువజన సాంకేతిక వికాస పథకం' ప్రకటించేశారు.

ఇంటర్వ్యూ రోజున నూకరాజుకు ముందు వెళ్లిన కుర్రాడు ఏడుస్తూ బయటికొచ్చాడు.

"ఏమైందండీ?" అన్నాడు నూకరాజు.

"లెక్కల్లో మూడుసార్లు ఫెయిలయ్యానన్నానండి. లెక్కపెట్టుకున్నావంటే నీకింకా వాటి మీద మోజుంది, పొమ్మన్నారండి."

నూకరాజు గుండె చిక్కబట్టుకుని లోపలికెళ్లాడు. పరాంకుశం గారు కళ్లజోడు సవరించుకుని, "నాయనా, గణిత పరీక్షలో ఎన్ని పర్యాయములు అనుత్తీర్ణత సాధించావు?" అన్నారు.

"గుర్తు లేదండి."

"మార్కులు?"

"వచ్చేయి కాదండి."

"ఇప్పుడీ గదిలో ఎందరమున్నాము?"

నూకరాజు చుట్టూ చూశాడు. ఎంత చూసినా మనుషులు కనిపించారు తప్ప అంకె కనిపించలేదు. "అందరూ ఉన్నారండి," అన్నాడు.

పరాంకుశం గారి కళ్లు చెమర్చాయి. "అందరూ ఉన్నారు! విన్నారా? ఇటువంటి నిర్మల హృదయం కోసమే కదా మనం ఇంతకాలం తపించినది!" అంటూ లేచి నూకరాజును కౌగిలించుకున్నారు. ఆ విధంగా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లెక్కలు రాకపోవడం వల్ల నూకరాజుకు మేలు జరిగింది. ఆ సాయంత్రం బట్టల కొట్టు ముందు నిలబడి వరహాలుకి చెప్పిన కబురే మళ్లీ మళ్లీ చెప్పాడు పాపం.

ఇక్కడి నుంచి కథలో అంకెలు కనబడవు. సంస్థ ఆవరణలో వాటిని నిషేధించారు మరి.

ముందు స్పానర్ల మీద పడ్డారు. వాటి మీది కొలతలన్నీ ఆకురాయితో అరగదీయించి, చిన్నది, కాస్త చిన్నది, మధ్యరకం, పెద్దది, మరీ పెద్దది అని పేర్లు పెట్టారు. పని మధ్యలో "పెద్దది అందుకో" అంటే, "నీ పెద్దదా, నా పెద్దదా?" అని కాసేపు చర్చ నడిచేది. తర్వాత అంతస్తుల మీద పడ్డారు. అంతస్తులకు నెంబర్లుండటం వల్లనే పై అంతస్తువాడికి పొగరు, కింది అంతస్తువాడికి దిగులు వస్తున్నాయని కమిటీ తేల్చింది. సామాన్యుడికి నోరూరేలా ఉండాలని పచ్చళ్ల పేర్లు ఖాయం చేశారు. ప్రధాన కార్యాలయంలో అడుగున చింతకాయ, దానిమీద మాగాయ, ఆపైన గోంగూర, ఉసిరి, అన్నిటికీ పైన ఆవకాయ. గోంగూర మీద ఉసిరేమిటని గోంగూరలోని గుమాస్తాలు కొన్నాళ్లు నల్లబ్యాడ్జీలు పెట్టుకున్నారు. 

సహాయం కోసం ఫోను చేయాల్సిన నెంబరును కూడా లిఫ్టుల్లోంచి చెరిపేసి, 'ఆపదలో ఫోను చేయండి' అని మాత్రం ఉంచారు. ఆ ఏడాది నివేదికలో 'ఫిర్యాదులు పూర్తిగా తగ్గిపోయినవి' అని సంతోషంగా రాసుకున్నారు. 

అన్నిటికన్నా గొప్ప పని లిఫ్టు లోపల జరిగింది. ఇంతమందే ఎక్కాలని పూర్వం ఒక రేకు ఉండేది. దాన్ని పీకేసి, ఇత్తడి పలక మీద 'తగినంత మంది మాత్రమే ఎక్కవలెను' అని చెక్కించారు. బరువు మించితే మోగే గంట ఉండేది. అది లోలోపల లెక్కపెడుతోందని ఎవరో చాడీ చెప్పడంతో దాని తీగ కోయించారు.

నూకరాజుకు మాత్రం స్వర్గానికి బెత్తెడు దూరంలో ఉన్నట్టుండేది. పొద్దున లేస్తే ఎవరూ లెక్క అడగరు. బిగించు అంటే బిగిస్తాడు, తుడువు అంటే తుడుస్తాడు, గ్రీజు పెట్టు అంటే తగినంత పెడతాడు. ఎక్కువైతే తుడుస్తాడు. 

అతనికి సూపర్‌వైజరు త్రిమూర్తులు గారు. సంస్థలో పాతకాపు. పేరులో అంకె ఉందని గుర్తించి, అర్జెంటుగా 'మూర్తులు'గా మార్చుకోమన్నారాయన్ని. ఆయన ఆ పూటే మార్చేసుకున్నాడు. ఆయనకు పింఛను దగ్గరపడింది. పింఛను దగ్గరపడ్డవాడికి పేరేమిటి, ప్రాణమే సగం పెట్టమన్నా పెడతాడు.

"ఒరే నూకరాజూ, నోరు జాగ్రత్త," అని మాత్రం హెచ్చరించాడాయన. "అంకె పలకడం నేరం. వేళ్లతో చూపించడం నేరం. ఎవరైనా అంటే విని అర్థం చేసుకోవడం ఇంకా పెద్ద నేరం. ప్రొబేషన్లో ఉన్నోడివి, నిలబెట్టి తీసేస్తారు."

"పర్మినెంటు వాళ్లనాండి?"

మూర్తులు గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వాళ్లని తియ్యాలంటే విచారణ జరగాల్రా. విచారణకి తేదీ వెయ్యాలి. తేదీ అంటే అంకె కదా? అందుకని వెయ్యలేరు. పర్మినెంటయ్యావంటే బ్రహ్మదేవుడు కూడా నిన్ను కదపలేడు."

ఇది కేవలం బెదిరింపు కాదు. క్యాంటీన్లో ఇడ్లీ ఎన్ని కావాలో చెప్పిన పాపానికి నూకరాజు పక్క బల్లవాడి ఉద్యోగం చట్నీ వచ్చేలోగా పోయింది. నోటీసు బోర్డు మీద సామెతలు కూడా సంస్కరించి పెట్టారు. 'పలువురితో నారాయణ' అని ఉండేది. దాని కిందే, 'తాను పట్టిన కుందేటికి తగినన్ని కాళ్లు'.

మరి ప్రొబేషను ఎప్పుడు ముగుస్తుంది? నియామక పత్రంలో 'తగినంత కాలం' అని ఉంది. నూకరాజు చేరిన మర్నాటినుంచే గోవిందు గారు అడుగుతున్నారు. కాలువలో కప్పలు అరిచే కాలం పోయింది, మంచు పడే కాలం పోయింది, మామిడికాయలు వచ్చాయి, కొత్త ఆవకాయ పాతబడింది. తగినంత కాలం మాత్రం పూర్తికాలేదు.

"ఎప్పటికంటరా అల్లుడూ?"

"తగినంత అవ్వాలి మావయ్యా."

"తగినంతంటే ఎంతరా?"

"ఎంతా అని అడక్కూడదంట."

"ఓరి నీ దుంపతెగ! నా చేపలు కూడా తగినంతే ఎండాలి. కానీ ఎండినయ్యో లేదో నాకు తెలుత్తాది కదరా! తుని నుంచి ఇంకో సంబంధం వచ్చింది. ఈ నెలాఖరు దాకా చూత్తాను. ఆపైన నీ దారి నీదే."

నెలాఖరంటే ఎన్ని రోజులో నూకరాజుకు తెలియలేదు. వరహాలు మొహం చూస్తే తెలిసింది. ఆ పిల్ల బిల్లు పుస్తకం మూసేసి, కొట్టులోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి నూకరాజుకు అన్నం సహించలేదు. అంకెల్లేని స్వర్గంలో ఎప్పుడు అనే మాటకి జవాబుండదని అతనికి అప్పుడు అర్థమై, తొలిసారి ఆ స్వర్గం మీద ఒళ్లు మండింది.

అయితే దేవుడున్నాడు. ప్రధాన కార్యాలయంలోని పాత లిఫ్టును సంస్కరించి, 'ఆదర్శ అంకరహిత లిఫ్టు'గా ప్రారంభించాలని పరాంకుశం గారు సంకల్పించారు. ఆ సభలోనే, పథకం జయప్రదమైందని లోకానికి చాటడానికి, నూకరాజును పర్మినెంటు చేస్తూ ఆవకాయ అంతస్తులో ఆర్డరు చేతికిస్తారట. నూకరాజు పరుగున వెళ్లి మావయ్యను పిలిచాడు. గోవిందు గారు ఉత్తచేతుల్తో రావడం మర్యాద కాదనుకున్నారు. డైరెక్టరు గారికి బహుమతిగా గంపెడు ఎండురొయ్యలు, మీద ఉప్పుచేపలు పేర్చి, అరిటాకు కప్పి తెచ్చారు. డైరెక్టరు గారు ఉల్లిపాయ తగిలినా స్నానం చేసే మనిషని ఆయనకెవరూ చెప్పలేదు.

నూకరాజుకు ఆ రోజు డ్యూటీ మేడ పైన, మెషీను గదిలో. లిఫ్టు తాళ్లు దిగే కంతలోంచి కింది మాటలన్నీ గంట కొట్టినట్టు వినిపిస్తాయి. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కంత పక్కన కూర్చుని విన్నాడు.

"ఇది వట్టి లిఫ్టు కాదు. మానవుని అంకెల బానిసత్వము నుండి ఊర్ధ్వముఖముగా గొనిపోవు పుష్పక విమానము!" అని పరాంకుశం గారి గొంతు. చప్పట్లు. తర్వాత ఎక్కడం మొదలైంది.

"రండి, రండి, ఇంకా తగినంత కాలేదు," అంటున్నారు పరాంకుశం గారు.

"సార్, సరిపోద్దేమోనండి..." మూర్తులు గారి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"సరిపోవుట వేరు, తగినంత వేరు. ఆ పెద్దాయనను కూడా రానివ్వండి. ప్రజాభాగస్వామ్యం ఉండవలెను."

"గంప కూడాండి?" అన్నారు గోవిందు గారు.

"గంప కూడా!"

జాలీ తలుపు కర్రుమని మూసుకుంది. మెషీను మూలిగింది, తాళ్లు బిగుసుకున్నాయి, లిఫ్టు మాగాయ దాటింది, గోంగూర అందుకోబోయి అందుకోలేక ఆగిపోయింది. మెషీను గదిలో కాలిన వాసన, కింద కేకలు.

నూకరాజు గబగబా స్విచ్చి కట్టేశాడు. ఇలాంటప్పుడు బ్రేకు వదిలి, పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టును ఏదో ఒక అంతస్తుకు చేర్చాలి. అది అతనికి వచ్చు. కానీ పైకా కిందకా? మోయగలిగినంత మంది ఉంటే పైకి తిప్పాలి. మించితే పైకి తిప్పకూడదు, చెయ్యి జారిందంటే లిఫ్టు లిఫ్టంతా అడుక్కి పోతుంది. మెల్లగా కిందకే దించాలి. గోడ మీద అంటించిన నియమావళి చూశాడు. 'లోపల తగినంత మంది యున్నచో పైకిని, తగినంతకు మించినచో క్రిందికిని త్రిప్పవలెను' అని ఉంది.

కంతలోకి వంగి అరిచాడు. "సార్! లోపల తగినంత మంది ఉన్నారాండీ?"

"తగినంత మందిమే ఉన్నామయ్యా!" అన్నారు పరాంకుశం గారు.

"తగినంతే ఉంటే ఆగదు కదండీ?"

ఈ సంగతి నియమావళి రాసినప్పుడు ఎవరికీ తట్టలేదు.

"ఒరే అల్లుడూ!" గోవిందు గారి గొంతు లేచింది. "ఎంతమందిమో నే చెప్తానుండు, ఒకటీ..."

"వద్దు మావయ్యా!" నూకరాజు చెవులు మూసేసుకున్నాడు. "నువ్వు చెప్తే నాకు అర్థమైపోద్దేమో! అర్థమైతే ఉద్యోగం పోద్ది! ఉద్యోగం పోతే పిల్లనివ్వవు!"

"పేణం పోయేలా ఉంటే పిల్ల గోలేంట్రా!"

"నీకు పేణం, నాకు వరహాలు," అన్నాడు నూకరాజు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలీదు గానీ నాన్న వెంట వచ్చి మాగాయ మెట్ల దగ్గర నిలబడ్డ వరహాలుకు వినపడింది. ఆ పిల్ల జనాన్ని తోసుకుంటూ జాలీ దగ్గరికి వచ్చింది. తలెత్తి చూస్తే లిఫ్టు అడుగు భాగం, చువ్వల సందుల్లోంచి అధికారుల బూట్లు కనిపించాయి.

లోపల అధికారులు ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తున్నారు. ఉక్కపోతకు గంప మీద అరిటాకు వాడింది. వాడిన ఆకు పక్కకి జరిగింది. అక్కడినుంచి కాలం వేగంగా నడిచింది.

"ఏమిటీ... ఏమిటీ గంధము?" అన్నారు పరాంకుశం గారు.

"ఎండురొయ్యలండి. మీకోసవేనండి. ఫస్టు రకం."

"రామ రామ! మూర్తులు గారూ, నా నియమాన్ని తక్షణం రద్దు చేస్తున్నాను! మనుషులను లెక్కించి పైకి చెప్పండి!"

"ఏ నియమాన్నండి?" అన్నాడు మూర్తులు గారు వినయంగా. "రద్దు చెయ్యాలంటే ఆ ఉత్తర్వు నెంబరు ఉదహరించాలండి. తమరు ఉత్తర్వులకి నెంబర్లు తీయించేశారండి. కాబట్టి రద్దు కాదండి. నాకు పింఛనుందండి. ముందు తమరు అనండి, తర్వాత నేనంటాను."

"అయ్యో, అయితే ఆ కుర్రవాడు నా మాట వినడా?"

అప్పుడు కిందనుంచి వరహాలు అందుకుంది. "వింటాడండి! ప్రొబేషన్లో ఉన్నోడు అంకె వింటే తీసేస్తారు. పర్మినెంటోడైతే విచారణ జరగాలి. మీరు విచారణ జరపలేరు. ముందు మా బావని పర్మినెంటు చెయ్యండి. అప్పుడు ఎన్ని అంకెలైనా వింటాడు."

పైన నూకరాజు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఇన్నాళ్లుగా తన దగ్గరే ఉన్న తాళంచెవిని ఈ పిల్ల చిటికెలో తలుపుకు పెట్టి తిప్పేసింది.

"చేశాం, చేశాం! పర్మినెంటు చేశాం!"

"ఎప్పట్నించండి?"

"తగిన కాలం నుండి!"

"కుదరదండి. తేదీ చెప్పాలి."

పరాంకుశం గారు పళ్లు బిగించారు. సంస్థకు వచ్చాక ఆయన నోట అంకె వెలువడింది లేదు. ఇంట్లో మనవరాలి వయసడిగితే కూడా 'ముద్దొచ్చే వయసు' అనేవారు. కానీ గంపలో ఉప్పుచేప జారి ఆయన మోచేతికి తగిలింది.

"పద్దెనిమిది!" అని ఆయన ఆర్తనాదం చేశారు. "జూలై పద్దెనిమిది నుండి! ఈ రోజు నుండి! పదకొండున్నర గంటల నుండి!"

మెట్ల మీది గుమాస్తాలు "హా!" అన్నారు.

"నాన్నా, మీరు?" అంది వరహాలు.

"ఇచ్చేశానే తల్లీ! వచ్చే నెల ముహూర్తానికే ఇచ్చేశాను! ముందు దింపమనవే!"

ఆ తర్వాత పరాంకుశం గారిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఏకాదశి ఉపవాసం విడిచినవాడు ఆవురావురుమని తిన్నట్టు, వేలు పెట్టి మరీ లెక్కించారు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు... తల వంచకండి మూర్తులు గారూ, మిమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టాను... పది, పదకొండు! పదకొండుమందిమి!"

"ఎనిమిది దాటితే కిందకేరా నూకరాజూ! ఎనిమిదే మోస్తది!" అని మూర్తులు గారు కూడా గొంతెత్తాడు. డైరెక్టరు ముందు మునిగాక ఇక ఆయనకు చలేమిటి?

పదకొండు పెద్దదా ఎనిమిది పెద్దదా అని నూకరాజు క్షణం తడబడ్డాడు గానీ, కిందకే అన్న మాట ఉంది కదా, చాలు. బ్రేకు వదిలి, చక్రం పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి మెల్లగా దించాడు. "ఆపు బావా!" అని వరహాలు కేకేసేదాకా దించాడు. జాలీ తెరుచుకుంది. అధికారులు బిలబిలా మాగాయలోకి దూకి, కిటికీల దగ్గరికి పరుగెత్తారు.

పరాంకుశం గారు మాత్రం దిగలేదు. గుమ్మం దగ్గర ఆగి కండువా సర్దుకున్నారు. ఎదురుగా గుమాస్తాలందరూ కళ్లప్పగించి చూస్తున్నారు. అంకె పలికిన వాళ్లని ఆయన క్యాంటీన్లో కూడా వదల్లేదాయె. వాళ్లకీ ఆ సంగతి గుర్తుంది. ఆయన దిగకపోవడంతో, మర్యాద కోసం మూర్తులు గారూ దిగలేదు. దారికి అడ్డంగా ఇద్దరు పెద్దమనుషులు నిలబడటంతో గంపతో గోవిందు గారూ దిగలేకపోయారు.

"ఉద్యోగులారా," అన్నారు పరాంకుశం గారు గంభీరంగా. గొంతులో డైరెక్టరు తిరిగొచ్చాడు. "ఇందాక పలుకబడిన కొన్ని శబ్దముల విషయమై అపోహలు వలదు. సంస్థ అనగా ఏమి? అంతస్తుల సముదాయము. గోంగూరకును మాగాయకును నడుమ ఉన్న శూన్యము ఏ అంతస్తునకూ చెందదు. కనుక అది సంస్థ కాదు. అక్కడ పలికిన అంకె, పలికినట్లు కాదు. నేనింకను లిఫ్టులోనే ఉన్నాను గనుక ఈ వివరణకూ నేను బాధ్యుడను కాను."

గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. కొట్టినవాడికి ఇంక్రిమెంటు ఖాయం.

"మరి మా బావ పర్మినెంటు?" అంది వరహాలు.

"అదియును ఆ శూన్యమందే కదా అన్నాను. చెల్లదు. తగిన కాలమున పరిశీలింపబడును."

గోవిందు గారు వ్యాపారస్థుడు. అవకాశం కనబడితే వదిలే మనిషి కాదు. గడ్డం గోక్కుని, "అమ్మా వరాలూ, ఆయన చెప్పింది నాయంగానే ఉందే. నేనన్నది కూడా ఆ మధ్యలోనే కదా? తుని వాళ్లకి కబురు పెడతానని ఇంకా మాటిచ్చి ఉన్నాను..." అని నసిగారు.

పైన నూకరాజు చక్రం పట్టుకుని అలాగే కూలబడ్డాడు. ఇంతా చేస్తే, తన బతుకులో జరిగిన ఒక్క మంచీ ఇంతకాలం తను పూజించిన తగినంతలోనే కొట్టుకుపోయింది. ఏడుపొచ్చింది. కంతలోంచి కింద వరహాలు గొంతు వినిపిస్తుందేమోనని చెవి పెట్టాడు. గొంతుకు బదులు జాలీ తలుపు దడాలున మూసుకున్న చప్పుడు వినిపించింది.

"అదేమిటమ్మాయ్, మేమింకా దిగలేదు!" అన్నారు పరాంకుశం గారు.

"బావా!" అని కేక వేసింది వరహాలు. "కిందకి నాలుగు చుట్లు!"

నూకరాజు లేచాడు. కళ్లు తుడుచుకున్నాడు. అరచేతులు చెమర్చాయి, చెవుల్లో గుయ్యిమంది. బ్రేకు వదిలాడు. లోపల ముగ్గురే మిగలడంతో చక్రం తేలిగ్గా ఉంది.

"ఒకటి," అన్నాడు. పైకే అన్నాడు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. "రెండు. మూడు. నాలుగు."

లిఫ్టు మాగాయ విడిచి, చింతకాయ చేరకుండా, గోడల మధ్య ఆగింది.

"ఇప్పుడు మీరు సంస్థలో లేరండి," అంది వరహాలు. "ఎంతసేపైనా ఉండొచ్చు. మాగాయలో నిలబడి మళ్లీ చెప్తానంటే చెప్పండి, తెప్పిస్తాను."

"కమిటీ వేసి..." అన్నారు పరాంకుశం గారు. గోవిందు గారు ఒరిగిన గంపను నిలబెట్టబోయారు. గంప నిలబడలేదు. అందులో ఉన్నదంతా డైరెక్టరు గారి పాదాల మీద కుమ్మరించుకుంది.

"చెబుతానమ్మా! మాగాయలో నిలబడి చెబుతాను! తేదీతో చెబుతాను! మూడు కాపీలు రాసిస్తాను!"

"నేనూ చెప్తానే తల్లీ!" అన్నారు గోవిందు గారు, రొయ్యలు ఏరుకుంటూ. "మాగాయలో ఏంటి, ఆవకాయలో కూడా చెప్తాను!"

"నన్ను అడక్కుండానే చెప్తానండి, త్రిమూర్తులు నా పేరు!" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన్నెవరూ ఏమీ అడగలేదు.

"వరాలూ," అని పైనుంచి పిలిచాడు నూకరాజు. "పైకి ఎన్ని చుట్లు?"

"దింపినన్ని, బావా."

నూకరాజు చక్రం పట్టుకుని ఆలోచించాడు. కింద ముగ్గురు పెద్దమనుషులు ఊపిరి బిగబట్టుకుని ఆ ఆలోచన తెగడం కోసం ఎదురుచూశారు.

"అంటే నాలుగు," అన్నాడు.

లెక్క సరిపోయింది.